ముందు ఫోన్ పెట్టేయండి

అవతలివాళ్లు మాట్లాడుతుండగా మధ్యలో ఫోన్ పెట్టేయడం మన ఇళ్లలో అమర్యాద. చుట్టమైనా, అప్పు అడిగేవాడైనా, రాంగ్ నంబరైనా సరే, "ఉంటానండీ" అన్నాకే పెట్టాలని చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్లని చూసి నేర్చుకున్నాం. మంచి అలవాటే. ఈ అధ్యాయంలో మాత్రం ఆ అలవాటుని ఒక్క సందర్భంలో పక్కన పెట్టమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఫలానా క్రిప్టో ఎక్స్ఛేంజ్ కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నామంటూ ఎవరైనా మీకు ఫోన్ చేస్తే, వాళ్ల వాక్యం పూర్తయ్యేదాకా ఆగకండి. ఉంటానండీ అనక్కర్లేదు. పెట్టేయండి.

ఇంత మొరటు సలహా ఎందుకిస్తున్నానో తెలియాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా పిన్ని కొడుకు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నెలనెలా జీతంలోంచి కొంత తీసి ఒక ఎక్స్ఛేంజ్‌లో బిట్‌కాయిన్ కొనుక్కుంటూ వచ్చాడు. ఇల్లు కొనేటప్పుడు డౌన్ పేమెంటుకి పనికొస్తుందని ఆశ. పాస్‌వర్డులు ఎవరికీ చెప్పడు, తెలియని లింకులు నొక్కడు, ఆఫీసులో ఏటా సైబర్ సెక్యూరిటీ పరీక్ష రాసి పాసవుతాడు. ఒక శనివారం పొద్దున వాడికి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతున్నాడు. మావాడి పూర్తి పేరు, ఇంటి అడ్రసు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు అన్నీ ఆయనే చెప్పాడు. "మీ అకౌంట్‌లోకి జర్మనీ నుంచి ఎవరో లాగిన్ అయ్యారు, మీరేనా?" అని అడిగాడు. కాదన్నాడు వీడు. "కంగారు పడకండి, మేం ఆపుతున్నాం" అన్నాడు ఆయన. ఇంకా మాట్లాడుతుండగానే ఎక్స్ఛేంజ్ లోగోతో ఒక ఈమెయిల్ వచ్చింది. ఫోన్‌లో ఆయన చెప్పిన కేసు నంబరే అందులోనూ ఉంది.

ఆ తర్వాత ఆయన పాస్‌వర్డ్ అడగలేదు, ఓటీపీ అడగలేదు. "పాస్‌వర్డ్ నాకు కూడా చెప్పకండి" అని జాగ్రత్త చెప్పాడు. "మీ కాయిన్లని సురక్షితమైన కొత్త వాలెట్‌లోకి మార్చుకోవాలి. దాని పన్నెండు మాటలు చెబుతాను, కాగితం మీద రాసుకోండి" అన్నాడు. మావాడు రాయడం మొదలుపెట్టాడు. ఏడు మాటలు రాశాక, "ఒక్క నిమిషం, మా ఆవిడకి చెప్పి వస్తాను" అన్నాడు. అప్పటిదాకా మెత్తగా ఉన్న గొంతు మారిపోయింది. "ఇది రహస్య దర్యాప్తు. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పడానికి వీల్లేదు." స్పీకర్‌లో ఆ మాట విన్న మా మరదలు వంటింట్లోంచి వచ్చి, ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"ఏదైనా అడిగి ఉంటే దొంగ అనుకునేవాణ్ని అన్నా. ఇచ్చేవాడు దొంగెలా అవుతాడు?" అన్నాడు వాడు తర్వాత నాతో.

ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం. క్రిప్టో వాలెట్‌కి అసలు తాళంచెవి పన్నెండో ఇరవైనాలుగో మామూలు ఇంగ్లీషు మాటలు. 2048 మాటల జాబితా ఒకటి ఉంది. వాలెట్ తయారైనప్పుడు అందులోంచి కొన్నిటిని ఏరి ఒక వరసలో ఇస్తుంది. సీడ్ ఫ్రేజ్ అంటే అదే. ఆ మాటలు, ఆ వరసలో ఎవరికి తెలిస్తే వాలెట్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. సంతకం సరిచూసే గుమాస్తా లేడు, వెళ్లి మొరపెట్టుకోవడానికి బ్రాంచి మేనేజరు లేడు. అందుకే "మీ మాటలు ఎవరికీ చెప్పకండి" అని ఏళ్ల తరబడి అందరూ చెప్పారు, జనం నేర్చుకున్నారు. నేర్చుకున్నారన్న సంగతి దొంగలకీ తెలిసింది. మీ తాళంచెవి అడిగితే ఇవ్వరు కాబట్టి, ఇప్పుడు తమ తాళంచెవే మీ చేతిలో పెడుతున్నారు. కొత్త బీరువా ఇప్పించి, రెండో తాళంచెవి తన మొలతాడుకి కట్టుకున్నవాడిని ఊహించుకోండి. బంగారం అందులో సర్దేది మీరే. తలుపు వేసుకునేది మీరే. వాడు తీరిగ్గా వచ్చి తీసుకుపోతాడు.

2025 మార్చిలో అమెరికా క్రిప్టో ఎక్స్ఛేంజ్ కాయిన్‌బేస్ పేరుతో ఇలాంటి ఈమెయిళ్లే చాలామందికి వెళ్లాయి. ఏప్రిల్ 1 నుంచి ఖాతాదారులంతా సొంత వాలెట్లకి మారాలని, ఇవిగో మీ మాటలని, సిద్ధంగా తయారుచేసిన సీడ్ ఫ్రేజ్‌ని అందులోనే పెట్టి పంపారు. కాబట్టి పాత నియమానికి ఇంకో సగం కలుపుకోండి. మీ మాటలు ఎవరికీ చెప్పకూడదు, ఎవరో చెప్పిన మాటలు మీరు వాడకూడదు. వాలెట్ మాటలు మీ ఫోన్‌లోనో, హార్డ్‌వేర్ వాలెట్ తెర మీదో, మీ కళ్లముందే పుట్టాలి. ఈమెయిల్‌లోనో ఫోన్‌లోనో పుట్టిన మాటలకి అప్పటికే ఇంకో యజమాని ఉన్నాడు.

మరి అవతలివాడికి అడ్రసు, అంకెలు ఎలా తెలిశాయి? మావాడి వివరాలు ఎక్కడినుంచి పోయాయో ఇప్పటికీ మాకు తెలియదు. అయితే అలాంటి వివరాలు ఎలా బయటికి పోతాయో చెప్పే సంఘటన ఒకటి అందరికీ తెలిసిందే. కాయిన్‌బేస్ 2025 మే 15న ఒక విషయం బయటపెట్టింది. అమెరికా బయట పనిచేసే తమ సపోర్ట్ ఏజెంట్లలో కొందరికి నేరగాళ్లు లంచమిచ్చి ఖాతాదారుల వివరాలు కాపీ చేయించారు. పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలు, గుర్తింపు కార్డుల ఫొటోలు, ఖాతాలో ఎంత ఉందో, ఏయే లావాదేవీలు జరిగాయో, ఇవన్నీ. బాధితుల సంఖ్య 69,461 అని అమెరికాలో అధికారులకి సమర్పించిన పత్రంలో చెప్పింది. వివరాలు బయటపెట్టకుండా ఉండాలంటే 2 కోట్ల డాలర్లు ఇమ్మని నేరగాళ్లు అడిగితే ఆ సంస్థ ఇవ్వలేదు. అంతే మొత్తాన్ని వాళ్లని పట్టించినవారికి బహుమానంగా ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరులో, మాజీ ఏజెంట్ ఒకరిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారని కాయిన్‌బేస్ అధిపతి బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పారు. ఎక్కడో అమెరికాలో జరిగే గొడవ అనుకునేవాళ్లు ఆ ఒక్క వార్త గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ చోరీలో ఒక్క పాస్‌వర్డ్ పోలేదు, ఒక్క వాలెట్ తాళంచెవి పోలేదు. వాటితో దొంగలకి పనిలేదు. ఖాతాదారుడికి ఫోన్ చేసి నమ్మించడానికి కావలసిన సరుకు దొరికింది, అది చాలు. మీ ఖాతాలో ఎంత ఉందో తెలిసినవాడు మిమ్మల్ని కంగారు పెట్టడానికి ఎన్ని మాటలు వెతుక్కోవాలి? "నిన్న రాత్రి మీరు ఇంత ఈథర్ అమ్మారు కదా" అంటే ఎవరు నమ్మరు? అందుకే, నా వివరాలన్నీ చెప్పాడు కాబట్టి అసలు మనిషే అయ్యుంటాడు అన్న లెక్క ఇక పనికిరాదు. మన పెళ్లిళ్ల బ్రోకర్లకి కూడా మన వివరాలన్నీ తెలుసు. తెలిసినంత మాత్రాన వాళ్లు మన బంధువులు కారు.

ఈ మోసం అమాయకులకే జరుగుతుందనుకోవడం ఇంకో పొరపాటు, దాని ఖరీదు చాలా ఎక్కువ. 2024 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒకే ఒక్క మనిషి దగ్గర 4,100కి పైగా బిట్‌కాయిన్లు పోయాయి. అప్పటి విలువ 24 కోట్ల డాలర్లకి దగ్గర. అన్ని బిట్‌కాయిన్లు దాచుకున్న మనిషి ఈ రంగానికి కొత్తవాడు కాదు. అతనికి మొదట గూగుల్ సపోర్ట్ పేరుతో ఫోన్ వచ్చింది. తర్వాత జెమిని ఎక్స్ఛేంజ్ సపోర్ట్ పేరుతో ఇంకొకటి. మీ ఖాతా హ్యాక్ అయిందని నమ్మించి, రెండో అంచె భద్రతని రీసెట్ చేయించారు. ఎనీడెస్క్‌తో కంప్యూటర్ తెర పంచుకునేలా చేసి, తాళంచెవులు చూసేశారు. రెండు ఫోన్లు ఎందుకు చేశారో గమనించండి. మొదటి ఫోన్ భయం నాటడానికి, రెండోది ఆ భయానికి మందు ఇస్తున్నట్టు కనబడడానికి. మొదటివాడిని నమ్మకపోయినా, రెండోవాడు వచ్చి అదే మాట చెబితే నిజమేననిపిస్తుంది.

ఇంతదాకా చెప్పింది వాళ్లే మన దగ్గరికి వచ్చే దారి. మనమే వాళ్ల దగ్గరికి నడిచివెళ్లే దారి ఇంకొకటి ఉంది, మన దేశంలో నాకు దాని గురించే ఎక్కువ బెంగ. గ్యాస్ సిలిండరు రాకపోతే, కొరియర్ ఆగిపోతే, "కస్టమర్ కేర్ నంబర్" అని గూగుల్‌లో కొట్టి, పైన కనబడ్డ నంబరుకి ఫోన్ చేయడం మనకి అలవాటు. ఎక్స్ఛేంజ్ విషయంలో ఆ పని చేయకండి. పైన కనబడేది డబ్బు కట్టి పెట్టిన ప్రకటన కావచ్చు, దొంగ పెట్టిన పేజీ కావచ్చు. అసలు ఎక్స్ఛేంజ్‌లలో చాలావాటికి ఫోన్ సపోర్టే ఉండదు. యాప్‌లో చాట్, టికెట్, అంతవరకే. లేని నంబరుని వెతికితే దొరికేది దొంగ నంబరే కదా.

కాయిన్‌బేస్ ప్రో వెబ్‌సైటుని పోలిన నకిలీ సైటు నడిపిన కేసులో ఒక భారతీయుడికి 2024లో అమెరికా కోర్టు ఐదేళ్ల జైలుశిక్ష వేసింది. పోయిన సొమ్ము 2 కోట్ల డాలర్లకి పైనే. ఆ సైటులో లాగిన్ వివరాలు కొడితే అవి నేరుగా దొంగలకి చేరేవి. కొందరినైతే సపోర్టుకి ఫోన్ చేయమనేవారు, ఫోన్ ఎత్తేది దొంగలే. బాధితులు తామే నంబరు నొక్కారు కాబట్టి అనుమానం రాదు. మనం చేసిన ఫోన్ మీద మనకి నమ్మకం ఎక్కువ. ఆ నంబరు ఎక్కడ దొరికిందన్నది మరిచిపోతాం.

ఎక్స్ఛేంజ్ నిజంగానే కష్టంలో ఉన్న రోజులు మరీ ప్రమాదం. 2024 జులై 18న మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో హ్యాకర్లు ఎత్తుకుపోయారు. విత్‌డ్రాలు ఆగిపోయాయి. ఏడాది తర్వాత, 2025 జులైలో ఇంకో దేశీ ఎక్స్ఛేంజ్ కాయిన్‌డీసీఎక్స్ సొంత ఖాతాలోంచి 4 కోట్ల 40 లక్షల డాలర్లు పోయాయి. ఖాతాదారుల సొమ్ముకి ఢోకా లేదని ఆ సంస్థ చెప్పింది. ఇలాంటి వార్త రాగానే మనిషి ఏం చేస్తాడు? నా డబ్బు సంగతేమిటని ఎక్స్ (పాత ట్విట్టర్)లో రాస్తాడు, టెలిగ్రామ్ గ్రూపులో అడుగుతాడు. నిమిషాల్లో జవాబులొస్తాయి. సంస్థ లోగో, "సపోర్ట్ డెస్క్" అన్న పేరు, పక్కన నీలి టిక్కు. ఆ టిక్కు డబ్బు కట్టినా వస్తుంది. టెలిగ్రామ్‌లోనైతే అడ్మిన్ ఫొటో, పేరు యథాతథంగా ఉంటాయి, యూజర్‌నేమ్‌లో ఒక్క అక్షరం తేడా. "మేం ముందుగా ఎవరికీ మెసేజ్ పెట్టం" అని చాలామంది అసలు అడ్మిన్లు తమ ప్రొఫైల్‌లోనే రాసుకుంటారు. మీ ఇన్‌బాక్స్‌లోకి ముందు వచ్చినవాడు అడ్మిన్ కాదు. అక్కడితో ఆ సంగతి వదిలేయవచ్చు.

మన దగ్గర ఇంకో ఎత్తు నడుస్తుంది, పన్ను పేరుతో. "మీ విత్‌డ్రా సిద్ధంగా ఉంది, ముందు టీడీఎస్ కట్టాలి" అనో, "ఎఫ్ఐయూ క్లియరెన్స్ ఫీజు" అనో ఒక యూపీఐ ఐడీ పంపుతారు. ప్రభుత్వ మాటలు వినబడేసరికి చాలామంది మెత్తబడతారు. అసలు సంగతి ఇదీ. క్రిప్టో అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ 2022 జులై నుంచి ఉంది. మన దేశపు ఎక్స్ఛేంజ్‌లో అమ్మితే ఆ సంస్థే లావాదేవీలోంచి కోసుకుని ప్రభుత్వానికి కడుతుంది. లాభం మీద 30 శాతం పన్ను మీరు ఆదాయపు పన్ను శాఖకే కడతారు, సపోర్ట్ ఏజెంటుకి కాదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగమైన ఎఫ్ఐయూ దగ్గర నమోదు కావలసింది ఎక్స్ఛేంజ్, 2023 మార్చి నుంచి మనీలాండరింగ్ చట్టం కింద. ఖాతాదారుడు అక్కడ కట్టవలసిన ఫీజు ఏదీ లేదు. మీ డబ్బు మీకివ్వడానికి ముందు మీరే ఇంకొంత కట్టాలని ఎవరన్నా సరే, కట్టకండి.

దూరం నుంచే మన తెర చూడనిచ్చే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ యాప్‌ల గురించి రెండు ముక్కలు. అవి దొంగ యాప్‌లు కావు, ఐటీ ఆఫీసుల్లో రోజూ వాడతారు. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు వాటిని చూసి అనుమానించకపోవడానికి కారణం అదే. వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమనడం కూడా ఈ కోవలోదే. తెర చూపించారంటే తెర మీదికి వచ్చే ఓటీపీలన్నీ చూపించినట్టే.

సెట్టింగుల్లో చేయవలసినవి చాలా ఉన్నాయి. ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోవడం, ఎక్స్ఛేంజ్‌కి విడిగా ఒక ఈమెయిల్ ఉంచుకోవడం, సీడ్ ఫ్రేజ్‌ని ఫొటో తీయకుండా కాగితం మీద రాసి దాచడం, ఇవి మీరు ఇప్పటికే విని ఉంటారు. ఎక్కువమంది ముట్టుకోని సెట్టింగ్ ఒకటి ఉంది. అడ్రస్ వైట్‌లిస్ట్. దీన్ని ఆన్ చేస్తే, మీరు ముందుగా చేర్చిన వాలెట్ అడ్రసులకి తప్ప ఇంకెక్కడికీ కాయిన్లు వెళ్లవు. కొత్త అడ్రసు చేరిస్తే, చాలా ఎక్స్ఛేంజ్‌లలో ఒకటి రెండు రోజులు ఆగాకే అది పనిచేస్తుంది. దొంగకి కావలసింది మీ కంగారు చల్లారేలోపు దొరికే పదిహేను నిమిషాలు. వైట్‌లిస్ట్ ఉంటే, మీరు పూర్తిగా వాడి మాయలో పడి, మీ చేతులతో మీరే పంపాలనుకున్నా, పంపలేరు. ఒక రాత్రి నిద్రపోయి లేస్తారు. మధ్యలో ఇంట్లో ఎవరితోనో మాట్లాడతారు. బుర్ర నిలకడగా ఉన్న ఈ రోజే ఆ పని చేయండి. కంగారులో ఉన్న రేపటి మిమ్మల్ని ఇవాళ్టి మీరు కాపాడుకుంటున్నారన్నమాట.

ఇక అసలు సాధనకి వద్దాం. ఫోన్ పెట్టేయాలని తెలియడం వేరు, పెట్టేయగలగడం వేరు. "సార్, మీరు ఇప్పుడు కట్ చేస్తే మీ డబ్బుకి నా పూచీ లేదు" అని అవతలివాడు అన్నప్పుడు వేలు కదలదు. అందుకే ముందే నోటితో అని అలవాటు చేసుకోవాలి. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో ఒకరిని దొంగగా ఉండమనండి. వాళ్లు మర్యాదగా, ఆప్యాయంగా, భయపెడుతూ, చివరికి కోప్పడుతూ మాట్లాడాలి. మీరు ఒకే వాక్యం అనాలి: "నేనే యాప్‌లోంచి అడుగుతాను." అని కట్ చేయాలి. నాలుగైదు సార్లు చేయండి. మొదటిసారి నాకు కూడా సిగ్గుగానే అనిపించింది. మా తమ్ముడు దీన్ని వాళ్లింట్లో ఎనిమిదేళ్ల కూతురితో ఆడిస్తున్నాడు, దొంగ వేషం ఆ పిల్లదే.

కట్ చేశాక నిజంగానే యాప్ తెరిచి అడగండి. అసలు సమస్య ఉంటే అక్కడ కనబడుతుంది. నిజమైన సంస్థ మీరు కట్ చేశారని అలగదు. ఇంకో పరీక్ష మా తమ్ముడు తనకి తెలియకుండానే చేసినదే. "ఇంట్లోవాళ్లతో మాట్లాడి చేస్తాను" అనండి. సంస్థలో పనిచేసే ఏ ఉద్యోగికీ దానికి అభ్యంతరం ఉండదు. దొంగకి మాత్రం గదిలో రెండో మనిషి ఉండకూడదు.

ఇంత చేసినా ఒక్కోసారి జరిగిపోతుంది. అప్పుడు వరస ముఖ్యం. రిమోట్ యాప్ నడుస్తుంటే ముందు ఇంటర్నెట్ ఆపండి. వేరే ఫోన్‌లోంచి ఎక్స్ఛేంజ్ ఖాతాని లాక్ చేయించండి, పాస్‌వర్డులు మార్చండి. సీడ్ ఫ్రేజ్ బయటికి తెలిసిన వాలెట్‌లో ఏమైనా మిగిలి ఉంటే, కొత్త వాలెట్ తయారుచేసి దాంట్లోకి మార్చండి. లావాదేవీ ఐడీ, దొంగ వాలెట్ అడ్రసు, ఫోన్ నంబరు, స్క్రీన్‌షాట్లు భద్రంగా దాచండి. మన దేశంలోనైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అమెరికాలోనైతే ఎఫ్‌బీఐ వారి ఐసీ3 ఫిర్యాదుల వెబ్‌సైటులో. బ్లాక్‌చెయిన్ మీద జరిగిన బదిలీని ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఆ కాయిన్లు ఇంకో ఎక్స్ఛేంజ్‌లోకి చేరితే మాత్రం అక్కడ ఆపించే వీలుంది. యూఎస్‌డీటీ అయితే దాన్ని జారీ చేసే టెథర్ సంస్థ ఆ వాలెట్‌ని స్తంభింపజేయగలదు. రూపాయల్లో పోయినదైతే బ్యాంకు ఖాతాని ఆపించవచ్చు. అన్నీ గంటల్లో తేలే సంగతులు.

కొన్నాళ్లకి ఇంకొకడు వస్తాడు. పోయిన క్రిప్టోని రాబట్టే నిపుణుణ్నంటాడు, లాయరునంటాడు, కొంత ఫీజు ముందు ఇమ్మంటాడు. మోసపోయినవాళ్ల జాబితాలు దొంగల మధ్య చేతులు మారుతుంటాయి. వాడికీ ఇదే మందు, ఫోన్ పెట్టేయండి.

చివరిగా, సొమ్ము పోగొట్టుకున్నవాళ్ల ఇంట్లోవాళ్లకి ఒక విన్నపం. మోసపోయినవాళ్లు సిగ్గుతో రోజుల తరబడి నోరు విప్పరు. ధైర్యం చేసి విప్పిన మొదటి నిమిషంలోనే "అంత చదువుకుని ఇదేం బుద్ధి" అంటే మళ్లీ మూసుకుంటారు, ఆ మౌనంలో కాయిన్లు పది వాలెట్లు దాటిపోతాయి. ఎంత పోయిందని అప్పుడే అడక్కండి. ఎలా నమ్మావని అడక్కండి. ఎన్ని గంటలకి పోయిందో అడగండి, అడుగుతూనే మీ ఫోన్ తీసి 1930 నొక్కండి.